పేరు రాసిన బియ్యం

4 మార్చి 1987, బుధవారం

ఈస్టరుకు ముందు వచ్చే శ్రమదినాలు మొదలయ్యాయి. సాయంత్రం ప్రార్థన కాగానే నేను వార్డెనుగా ఉన్న ఈ హాస్టల్ ఆడపిల్లలతో నా ఆలోచన చెప్పాను.

పెళ్లయిన నాటి నుంచి, ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక గుప్పెడు తీసి పక్కన పెట్టడం నాకు అలవాటు. మా నాచారం సంఘంలో ఆడవాళ్లందరం అంతే. ఆదివారం తెచ్చి గుడి సంచిలో పోస్తాం. లేనివాళ్లకు అది కూడవుతుంది. ఈ నలభై రోజులు పిల్లలకు కూడా ఆ భాగ్యం ఉండాలనిపించింది. ఇష్టమున్న పిల్ల ఒక పూట మానుకుంటే, ఆమె వంతు బియ్యం వండకుండా ఆ సంచిలో పోస్తాము. ఎవరి కోసం ఉపవాసం ఉందో వాళ్ల పేరు చీటీ మీద రాసి బియ్యంలోనే వెయ్యాలి. ఆదివారం మా పాస్టరు, హాస్టల్‌ను కూడా చూసుకునే ఏలియా అయ్యగారు చీటీలు తీసి, ఆ పేర్లు చదివి ప్రార్థన చేస్తారు.

వంట చేసే మార్తమ్మకు నచ్చలేదు. "ఎదిగే పొల్లలకు ఉపాసమేందక్కా? ఊర్లల్ల ఉపాసం ఉండి ఉండి గద ఈడికొచ్చిన్రు."

"ఇష్టమున్నోళ్లే, మార్తమ్మా. బలవంతం లేదు."

"నీ మెత్తటి మాటనే పెద్ద బలవంతం" అని గరిటె తీసుకొని పోయింది.

అందరూ వెళ్లాక సారలమ్మ ఒక్కతే నిలబడింది. తొమ్మిదో తరగతి. జనగామ అవతల పల్లె.

"ఒక్క పూటకు నా బియ్యం ఎంతుంటయమ్మా?"

"కొలత డబ్బాతో ఒక డబ్బా."

"రెండు పూటలు మానుకుంటె రెండు డబ్బాలు పోస్తరా?"

"పోస్తాం. కానీ ఒక్క పూట చాలు బిడ్డా."

"అన్నిసార్ల ఒకటే పేరు రాయొచ్చా?"

"రాయొచ్చు. దేవుడు విసుక్కోడు."

నవ్వింది. ఆ పిల్ల నవ్వడం అరుదు. వాళ్లింట్లో వేరే దేవుళ్లు. అయినా నలభై మందిలో ఆగి అడిగింది ఆమె ఒక్కతే. ప్రభువా, నీ పని నీకే తెలుసు.

6 మార్చి, శుక్రవారం

పదకొండు మంది ఉపవాసం. సారలమ్మ రెండు పూటలూ.

8 మార్చి, ఆదివారం

గుడిలో చీటీలు చదివారు. పరీక్షల కోసం నలుగురు. నాయన తాగకుండా ఉండాలని ఇద్దరు. సారలమ్మ చీటీ వచ్చేసరికి అయ్యగారు దాన్ని వెలుగుకు పట్టుకొని చదివారు. "వెంకటనర్సమ్మ, తండ్రి కనకరాజు, హన్మయ్య కిరాణ దుకాణం ఎనుక ఇల్లు, గుండ్లకుంట గ్రామం, వయా జనగామ, వరంగల్ జిల్లా."

వెంకటనర్సమ్మ ఆమె చెల్లెలు, పదకొండేళ్లది.

బయటికొచ్చాక అయ్యగారు నాతో అన్నారు, "రాహేలమ్మా, మీ పిల్ల దేవునికి పోస్టుమాన్ కొలువిచ్చింది గదా." నేనూ నవ్వాను. మంచి నవ్వే. 'మీ పిల్ల' అన్న మాట ఇంటిదాకా నా వెంటే వచ్చింది.

13 మార్చి, శుక్రవారం

సారలమ్మ తలకు నూనె రాశాను. జుట్టు పీచులా ఉంది. ఇంటి సంగతి అడిగితే కొంచెం చెప్పింది. రెండేళ్లుగా వానలు లేవు. తండ్రి పని వెతుక్కుంటూ భివండి పోయాడు, కబురు లేదు. తల్లికి కూలి దొరికిన రోజే పొయ్యి వెలుగుతుంది. రేషను బియ్యం వచ్చిన వారం వేరు, రాని మూడు వారాలు వేరు.

"మా చెల్లె నర్సిని గూడ ఈడ చేర్పియ్యరాదమ్మా?"

ఒక ఇంటి నుంచి ఒక్కరే అన్నది హాస్టల్ కమిటీ నియమం. రెండేళ్ల నుంచి అడుగుతోంది, రెండేళ్ల నుంచి అదే చెబుతున్నాను.

మిగతా పిల్లలు నన్ను అమ్మగారు అంటారు. ఈమె అమ్మా అంటుంది. పది అయ్యాక నర్సు చదువుకు పంపితే, సెలవులకు ఇక్కడికే, నా గదికే రావచ్చు. ఈ మాట ఎవరితోనూ అనలేదు. నా భర్త సామ్యేలు ఉంటే ఆయనతో అనేదాన్ని. లేతు మిషను మీద పనిచేసే మనిషి, సాయంత్రం ఫ్యాక్టరీ నుంచి వచ్చి చేతులు కడుక్కుంటూ అన్నీ వినేవాడు. ఆయన పోయి నాలుగేళ్లు. మాకు పిల్లలు కలగలేదు.

15 మార్చి, ఆదివారం

మధ్యాహ్నం గుడి కావలి అబ్బయ్య సైకిల్ మీద నా వంతు బియ్యం తెచ్చి ఇచ్చాడు. విధవరాళ్ల జాబితాలో నా పేరు ఉంది. రెండు వారాలకొకసారి వస్తాయి. హాస్టల్ కుండలోది నేను ముట్టను. అది పిల్లల కోసం వచ్చింది, పిల్లలకే పోవాలి. గదిలో వేరే పొయ్యి పెట్టుకున్నాను. ఆ నియమం పదకొండేళ్లుగా తప్పలేదు.

అన్నం వండుకొని తిన్నాను. ప్రభువుకు స్తోత్రం.

18 మార్చి, బుధవారం

సారలమ్మ ఇప్పుడు బుధ, శుక్రవారాలు రెండు పూటలు, మిగతా రోజుల్లో రాత్రి పూట మానేస్తోంది. నేను చెప్పలేదు. వద్దని కూడా అనలేదు.

మార్తమ్మ ఈ రోజు గొడవ పెట్టుకుంది. "ఏమ్మా సారలమ్మా, నువ్వేమన్న స్వర్గానికి టిక్కెటు కొంటున్నవా? జర తిను."

"ఆకలైత లేదత్తా."

"ఆకలి కానోళ్లు నా కుండ దిక్కు గట్ల చూడరు."

నేను మార్తమ్మను మందలించాను. ఉపవాసం ఉన్న పిల్లను శోధనలో పెట్టకూడదు. అయ్యగారికి కూడా ఈ పిల్ల సంగతి చెప్పాను. చాలా సంతోషపడ్డారు.

22 మార్చి, ఆదివారం

ప్రసంగంలో అయ్యగారు పేరు చెప్పకుండా ఆమె గురించే చెప్పారు. "మన మధ్య ఒక చిన్నది ఉంది, పెద్దలం సిగ్గుపడాలి" అన్నారు. ఆడవాళ్లు వెనక్కి తిరిగి హాస్టల్ పిల్లల వరసలో వెతికారు. సారలమ్మ తల దించుకొని కూర్చుంది. నాకు కన్నీళ్లు వచ్చాయి. ఆ కన్నీళ్లలో గర్వం ఉంటే క్షమించు ప్రభువా.

27 మార్చి, శుక్రవారం

సారలమ్మకు ఊరి నుంచి కార్డు వచ్చింది. తల్లికి చదువు రాదు, దుకాణం హన్మయ్య రాసి పెడతాడు. వేపచెట్టు కింద నిలబడి రెండుసార్లు చదివింది. తర్వాత నా దగ్గరికొచ్చింది.

"గుడి సంచి ఏ బండి మీద పోతదమ్మా?"

"అబ్బయ్య సైకిల్ మీద."

"సైకిల్ మీదనా?"

ఇంకా ఏదో అడగబోయింది. స్టడీ గంట కొట్టారు. ఎందుకు అడిగిందో తెలియదు. పిల్లలు ఏవేవో అడుగుతారు.

29 మార్చి, ఆదివారం

బియ్యం వచ్చాయి. చేటలో పోసి రాళ్లు ఏరుతుంటే ఒక చీటీ దొరికింది. అయ్యగారు తీయడం మరిచినట్టున్నారు. వెంకటనర్సమ్మ, తండ్రి కనకరాజు, హన్మయ్య కిరాణ దుకాణం ఎనుక ఇల్లు. అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి. ఆ పిల్ల పేరు మీద ప్రార్థన చేసి చీటీని బైబిల్లో పెట్టుకున్నాను.

వంకాయ కూర, అన్నం.

1 ఏప్రిల్, బుధవారం

ఎండ ముదిరింది. సారలమ్మ గౌను భుజాల మీద నిలవడం లేదు. పిన్నీసు పెట్టాను. ఎదిగే వయసులో పిల్లలు సన్నబడతారు.

3 ఏప్రిల్, శుక్రవారం

సారలమ్మ బడిలో ప్రార్థన వరసలో పడిపోయింది. టీచరు రిక్షాలో పంపింది. దవాఖానాకు తీసుకుపోయాను. అక్కడి డాక్టరమ్మ త్రిపురసుందరి, సూటిగా మాట్లాడే మనిషి. కనురెప్ప లాగి చూసింది, గోళ్లు చూసింది.

"రక్తం లేదు. ఏం తింటోంది ఈ పిల్ల?"

"ఉపవాసాలు ఉంటోంది డాక్టరమ్మా. మా శ్రమదినాలు."

"ఎవరు ఉండమన్నారు?"

ఆమె నా మెడలోని సిలువ చూసింది. "పద్నాలుగేళ్లకు ఎముక పెరుగుతుంటుంది, రక్తం పట్టాలి. మీ దేవుడైనా నా దేవుడైనా ఈ పిల్ల కంచంలోది అడగడు. ఇంటికి తీసుకెళ్లి అన్నం పెట్టండి."

రిక్షాలో నా భుజానికి ఆనుకొని కూర్చుంది. బరువే లేదు. నాచారం సందులో ఫ్యాక్టరీ సైరను మోగింది, మధ్యాహ్నం షిఫ్టు వాళ్లు సద్ది డబ్బాలు పట్టుకొని పోతున్నారు. ఆమె కళ్లు ఆ డబ్బాల మీదే ఉన్నాయి.

"ఎవరి కోసమే ఇన్ని ఉపవాసాలు?" అన్నాను.

"నర్సి కోసం. రాసిన గద."

"ప్రార్థనకు ఒక్క పూట చాలదా?"

"ప్రార్థనకు చాల్తదమ్మా. బియ్యానికి చాలదు గద. ఇంట్ల అమ్మ, నర్సి, ఇద్దరున్నరు. నేను రెండు పూటలు పంపితె వాళ్లకు ఒక్క పూటన్న ఎల్లిపోతది."

నాకు అర్థం కాలేదు. అర్థమైంది, కానీ ఇంకో మాట వినేదాకా ఒప్పుకోలేదు.

"ఎవరికి పంపితే?"

"మీరే జెప్పిన్రు గదమ్మా, పేరు రాసి బియ్యంల వెయ్యమని. అడ్రసు గూడ సక్కగ రాసిన. సైకిల్ మీద అంటె మొదాలు పరేషానైన. మళ్ల అనుకున్న, ఉప్పల్ దాక సైకిలు, ఆడి నుంచి వరంగల్ బస్సుల ఏస్తరేమోనని."

"సారలమ్మా, ఆ బియ్యం..."

"మన పాలపొడి గట్లనే వస్తది గద. ఎర్కలేని దేశంల మనుషులు పూట మానుకొని మనకు పంపుతరని మీరే జెప్పిన్రు. వాళ్లకు నడుమ సముద్రమున్నది. నాకు జనగామ ఎంత దూరమమ్మా?"

రిక్షా అతను వెనక్కి తిరిగి చూశాడు.

"కార్డుల అమ్మ బియ్యం ముచ్చట రాయలె. పంపనీకి చాలుత లేవేమో, అందుకే పోస్టుల ఆపిన్రేమో అనుకున్న. గందుకే ఇంకో పూట గూడ మానుకున్న."

హాస్టల్ చేరాక మార్తమ్మ గంజిలో ఉప్పు వేసి ఇచ్చింది. తాగింది. మార్తమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. అనాల్సింది.

4 ఏప్రిల్, శనివారం

ఆ బియ్యం ఊరికి పోలేదని ఆమెకు చెప్పాను. గుడి సంచి నాచారంలోనే పంచుతారని, చీటీలు ప్రార్థనకేనని చెప్పాను.

ఏడవలేదు. "ఒక్క డబ్బ గూడ పోలేదా?" అంది.

"లేదు బిడ్డా."

"మరి ఎవరు తిన్నరు?"

"ముసలివాళ్లు. లేనివాళ్లు."

అబద్ధం కాదు. జాబితాలో తొమ్మిది పేర్లు ఉన్నాయి.

5 ఏప్రిల్, ఆదివారం

ఆరాధన తర్వాత ఏలియా అయ్యగారిని కలిశాను. జరిగింది విని చాలాసేపు కళ్లద్దాలు తుడుచుకున్నారు.

"ఆ పిల్ల పేరు చెప్పకుండా మెచ్చుకున్నాను. అంటే ఆమెను ఇంకో పూట మాన్పించింది నేనే గదా, రాహేలమ్మా."

"మిగిలిన బియ్యం ఊరికి పంపుదామయ్యగారూ."

"మిగల్లేదు. గుప్పెడు బియ్యం నాచారం సంఘానిది. ఒక్క ఊరికి పంపితే, ఇంకో పిల్ల ఊరు ఏం పాపం చేసింది? నలభై ఊళ్లు ఉన్నాయి మన హాస్టల్లో."

"చెల్లెల్నైనా చేర్చుకుందాం."

"నియమం మీకు తెలుసు."

తెలుసు. ఆ నియమాన్ని రెండేళ్లుగా మెత్తగా చెబుతున్నది నేనే. ఇక పిల్లల ఉపవాసాలు ఆపేయమన్నారు. ఆయన చేయగలిగింది అదేనన్నారు. కోపం రాలేదు నాకు. ఆయన వెళ్లాక చాలాసేపటికి వచ్చింది.

12 ఏప్రిల్, మట్టల ఆదివారం

సారలమ్మ తింటోంది. ఎదురుగా కూర్చుంటాను. ముద్ద కలుపుతుంది, ఆగుతుంది, తింటుంది. ఇంతకు ముందు ఉపవాసం ఉన్నప్పుడు ఆ ముఖంలో ఏదో వెలుగు ఉండేది. భక్తి అనుకున్నాను. చెల్లెలికి పంపుతున్నానన్న సంతోషం అది. ఇప్పుడు అది లేదు.

నాతో మాట్లాడుతుంది, అమ్మా అనే పిలుస్తుంది. తలకు నూనె రాస్తానంటే మాత్రం "మార్తత్త రాసిందమ్మా" అంటుంది.

17 ఏప్రిల్, శుభ శుక్రవారం

నేను ఉపవాసం ఉండలేకపోయాను. ఆ పిల్ల ముందు ఉపవాసం అనడానికే సిగ్గేసింది.

19 ఏప్రిల్, పునరుత్థాన ఆదివారం

అబ్బయ్య ఈసారి పెద్ద సంచి తెచ్చాడు. ఎండాకాలానికి కలిపి ఇచ్చారట. నాకు వద్దన్నాను.

"హాస్టల్ బంద్ ఉంటది, జీతం సగమే. ఏం తింటవమ్మా రెండు నెలలు?" అన్నాడు.

తీసుకున్నాను.

24 ఏప్రిల్, శుక్రవారం

సెలవులు. పిల్లలు ఊళ్లకు పోయారు. సెలవులంటే బడిపిల్లలకు సంతోషం అంటారు. మా పిల్లలు పెట్టె సర్దుకుంటూ చివరి పూట ఎక్కువ తింటారు. అది పదకొండేళ్లుగా చూస్తున్నాను. జూన్‌లో తిరిగొచ్చినప్పుడు ఎవరెంత తగ్గారో గౌన్లు చూసి చెప్పగలను. ఒక్కసారైనా కమిటీకి చెప్పలేదు.

సారలమ్మను నేనే ఉప్పల్‌లో బస్సెక్కించడానికి పోయాను. అబ్బయ్య ఇచ్చిన సంచి చంకన పెట్టుకున్నాను. రోడ్డు మీద దుమ్ము, వరంగల్ బస్సు కోసం వంద మంది. చెరుకురసం బండి పక్కన నీడలో నిలబడ్డాం.

"ఇవి ఇంటికి తీసుకుపో" అన్నాను.

సంచి మూతి విప్పి చూసింది. "ఎక్కడివి?"

"నా వంతువి."

"మీ వంతేంది?"

చెప్పాను. జాబితా గురించి చెప్పాను. రెండు వారాలకొకసారి వస్తాయని చెప్పాను. బియ్యంలో చీటీ దొరికిందని కూడా చెప్పాను. దొరికాక వండుకొని తిన్నానని చెప్పాను. బస్సుల హారన్లలో నా గొంతు నాకే సరిగా వినపడలేదు. ఆమెకు వినపడింది.

"మీరు గూడ తిన్నరా?"

"తిన్నాను."

ఆమె సంచి మూతి మళ్లీ కట్టింది. బస్సు వచ్చింది. జనం తోసుకుంటున్నారు. ఒక ముసలామె "జరుగు పిల్లా, రాయి లెక్క నిలవడ్డవ్" అని తిట్టింది. సంచి నెత్తికెత్తుకొని, మెట్టు మీద కాలు పెట్టి వెనక్కి తిరిగింది.

"అడిగి తినాలె గదమ్మా. అడిగితె నేనే ఇద్దును."

కండక్టరు గంట కొట్టాడు.

25 ఏప్రిల్, శనివారం

అడిగి తినాలె.

3 మే, ఆదివారం

గుడికి పోయాను. గుప్పెడు బియ్యం తేవాలని పొద్దున డబ్బా తెరిచాను. డబ్బాలో రెండు గుప్పెళ్లు ఉన్నాయి. ఒకటి తీసుకుపోయాను.

11 మే, సోమవారం

ఒక్క పూటే వండుకుంటున్నాను. ఇన్నేళ్లు ఉపవాసాలు ఉన్నాను, ఆకలి నాకు తెలుసనుకున్నాను. ఉపవాసం రోజు సాయంత్రం ఏం వండాలో మధ్యాహ్నమే తెలుస్తుంది. ఈ ఆకలిలో మధ్యాహ్నమంతా అదే ఆలోచన, సాయంత్రం ఏమీ ఉండదు. ప్రార్థనలో కూర్చుంటే పక్కింటి పోపు వాసనే వస్తోంది. పద్నాలుగేళ్ల పిల్ల ఈ వాసనల మధ్య లెక్కలు ఎలా చేసిందో.

మార్తమ్మ మౌలాలిలో ఉన్న తన తమ్ముడింటి నుంచి జొన్న గటక తెచ్చింది. "తిను అక్కా. నియమం గియమం అనకు, ఇది హాస్టల్‌ది కాదు, నా తమ్మునిది." అడగకుండానే తెచ్చింది. తిన్నాను.

"ఆ పొల్ల వస్తదంటవా?" అంది మార్తమ్మ.

"ఎందుకు రాదు? పది చదవాలి కదా."

"నువ్వు గట్ల అనుకో."

20 మే, బుధవారం

సారలమ్మకు కార్డు రాశాను. క్షేమమని, జూన్ పదిహేనున హాస్టల్ తెరుస్తారని, పదో తరగతి పుస్తకాలు తీసి పెట్టానని. నా గది సంగతి, నర్సు చదువు సంగతి రాయబోయి కొట్టేశాను.

29 మే, శుక్రవారం

ఉత్తరం లేదు.

6 జూన్, శనివారం

ఉత్తరం లేదు. మొదటి వాన పడింది. ఖాళీ హాస్టల్లో నడిస్తే నా చెప్పుల చప్పుడే ఎదురొస్తోంది. సారలమ్మ పడుకునే చోట చాప పరిచి చూశాను. అక్కడి నుంచి వంటిల్లు సూటిగా కనపడుతుంది. ఈ సంగతి నాకు ఇన్నాళ్లు తెలియదు.

15 జూన్, సోమవారం

పిల్లలు వచ్చారు. ఏలియా అయ్యగారు వసారాలో కుర్చీ వేసుకొని హాజరు పట్టీ తీశారు. మధ్యాహ్నానికి ముప్పై ఎనిమిది మంది. నేను గేటు దగ్గరే ఉన్నాను. వరంగల్ బస్సు వేళలు నాకు నోటికి వచ్చు.

రెండు దాటాక ఒక చిన్న పిల్ల వచ్చింది. సారలమ్మ నీలం గౌను, నడుము దగ్గర తాడు కట్టి ఉంది. సారలమ్మ రేకు పెట్టె నెత్తి మీద. ముఖం కూడా సారలమ్మదే, చిన్నగా చేసినట్టు. వెనక ఎవరైనా ఉన్నారేమోనని చూశాను. ఎవరూ లేరు.

"మీరేనా రాహేలమ్మ? నేను నర్సిని. మా అక్క రాదంట. అక్క జాగల నన్ను ఉండుమన్నది."

అయ్యగారు కళ్లద్దాల మీదుగా చూశారు. "ఇది కుదరదు గదా రాహేలమ్మా. సీటు సారలమ్మది, పదో తరగతిది. ఒకళ్ల సీట్లో ఇంకొకళ్లను ఎట్లా పెట్టుకుంటాం? కమిటీకి ఏం చెప్పాలి?"

"ఒక ఇంటి నుంచి ఒక్కరే అన్నారు. ఒక్కరే వచ్చింది."

"మీరు కూడా ఇట్లా మాట్లాడితే..."

"అయ్యగారూ, ఆ పిల్ల తన కూడు ఈ పిల్లకు ఇచ్చింది. మొదటిసారి ఇస్తే మనం తిన్నాం. నేను తిన్నాను. ఈసారి మధ్యలో చెయ్యి పెట్టొద్దు."

పదకొండేళ్లలో నా గొంతు ఆ వసారా దాటి వినపడటం ఇదే మొదటిసారి. పిల్లలంతా తలుపుల్లో నిలబడి చూస్తున్నారు. మార్తమ్మ పప్పు గరిటెతో వచ్చి నా వెనక నిలబడింది.

అయ్యగారు పట్టీని దగ్గరికి లాక్కొని పెన్ను మూత తీశారు. తర్వాత పిల్లను అడిగారు, "పూర్తి పేరేమిటి?"

"వెంకటనర్సమ్మ."

రాశారు. "కమిటీని నేను చూసుకుంటాను. మళ్లీ ఇట్లా అనకండి రాహేలమ్మా" అన్నారు. "మళ్లీ అంటానయ్యగారూ" అన్నాను. ఎందుకన్నానో తెలియదు.

వంటింట్లోకి తీసుకుపోయాం. మార్తమ్మ కంచం పెట్టి అన్నం వేసింది. అక్క ఎట్లా ఉంది, ఎందుకు రాలేదు అని అడగబోయాను.

నర్సి చెయ్యి పైకెత్తి ఆపింది. "అక్క జెప్పింది. నువ్వు తినేటప్పుడే అమ్మ నా ముచ్చట అడుగుతది, ముందుగాల తిను, మళ్ల జెప్పు అన్నది."

మార్తమ్మ పైట అడ్డం పెట్టుకొని నవ్వింది, కళ్లు తుడుచుకుంది. నేను గోడకానుకొని కూర్చున్నాను. నర్సి మొదటి అన్నం మాట్లాడకుండా తింది. రెండోసారి అడిగింది. మూడోసారి అడగడానికి సిగ్గుపడితే మార్తమ్మే వేసింది. అంత ఆత్రంగా నేనెప్పుడూ ఎదురుచూడలేదు. తొందరపెట్టాలనిపించలేదు కూడా.

చెయ్యి కడుక్కున్నాక చెప్పింది. ఊళ్లో చెరువు కట్ట మీద సర్కారు వాళ్ల కరువు పని నడుస్తోంది. సారలమ్మ పద్దెనిమిదేళ్లని రాయించుకొని మట్టి మోస్తోంది.

"పైసలు కొన్ని, బియ్యం కొన్ని ఇస్తరు. చేతికే ఇస్తరు. అక్క ఇంటికి మోసుకొస్తది, మేం తిన్నంక తను తింటది."

"తింటోందా?"

నర్సి ఆలోచించింది. అబద్ధం చెప్పాలా వద్దా అని ఆలోచించినట్టే ఉంది.

"ఉన్ననాడు తింటది."

16 జూన్, మంగళవారం

నర్సికి అక్క పాత చోటు ఇచ్చాను. పడుకొని వంటింటి వైపే చూస్తోంది.

నాకు కావలసింది ఈ పిల్ల కాదు. రాయకుండా ఉండలేను. ఈమె తింటుంటే సంతోషం, అదే సంతోషంలో ఆమె లేదన్న దిగులు. ప్రభువా, రెండిటినీ నీ ముందే పెడుతున్నాను.

18 జూన్, గురువారం

కమిటీకి ఉత్తరం రాశాను. ఒక ఇంటి నుంచి ఒక్కరే అన్న నియమం తీసేయమని, ఎండాకాలం సెలవుల్లో ప్రతి పిల్ల వెంట ఆమె రెండు నెలల వంతు బియ్యం పంపాలని. అది దానం కాదని, ఆ పిల్లల కోసం వచ్చినది ఆ పిల్లలదేనని రాశాను. రాసి మూడుసార్లు చదివాను. 'దయచేసి' అన్న మాట రెండు చోట్ల ఉంటే ఒకటి కొట్టేశాను.

అయ్యగారు చదివి, తన సంతకం కూడా పెట్టారు. జవాబు ఎప్పుడొస్తుందో తెలియదు.

20 జూన్, శనివారం, ఉప్పల్

గుండ్లకుంట పోయి రావడానికి ఒక రోజు సెలవు పెట్టాను. ఆఖరి క్షణంలో మార్తమ్మ పప్పు, చింతకాయ తొక్కు కట్టి ఇచ్చింది. పదో తరగతి పుస్తకాలు సంచిలో వేశాను, మళ్లీ తీశాను, మళ్లీ వేశాను. చెరువు కట్ట మీద నన్ను చూసి సారలమ్మ ముఖం తిప్పుకుంటే తిప్పుకోనీ. రమ్మని అడుగుతాను. రానంటే బలవంతపెట్టను, మెత్తగా కూడా పెట్టను. ఒక్క పూట ఆమె తింటుంటే ఎదురుగా కూర్చొని వస్తాను.

పది గంటల బస్సు నిండుగా వెళ్లిపోయింది. ఇంకొకటి ఉందట.